చివరికి ప్రింటరు మిగిలింది

దొంగతనానికి నిబంధనలు రాసే పని నా ఉద్యోగంలో ఒకసారి చేశాను. దొంగ ఎక్కడికి రావచ్చు, ఎక్కడికి రాకూడదు, ఏ వేళకు రావాలి, ఏది ముట్టుకోవచ్చు, పట్టుబడితే ఎవరికి ఫోన్ చేయించాలి, అన్నీ కాగితం మీద పెట్టి, అడుగున కంపెనీ ముద్ర వేయించాను. కంప్యూటర్ల భద్రత చదువుకుంటున్న పిల్లలు ఈ మధ్య నన్ను కలిసినప్పుడు, "మేడమ్, మీ రోజుల్లో ఇవన్నీ ఉండేవా?" అని అడుగుతున్నారు. మా రోజులంటే మరీ పాతవేం కావు, నేను రిటైరైంది మొన్నమొన్ననే. ఉండేవి. ఎట్లా ఉండేవో చెబుతాను.

నేను పనిచేసింది నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీలో. ఆఫీసు నంద్యాలలో, గోడౌను ఆళ్లగడ్డలో. యజమానులు అన్నదమ్ములు. నంద్యాల చూసుకునే అన్నను అందరం పెద్దయ్య అనేవాళ్లం, ఆళ్లగడ్డ చూసుకునే తమ్ముణ్ణి చిన్నయ్య అనేవాళ్లం. ఇద్దరూ మంచివాళ్లే, కానీ ఒకరికొకరు ఎందులోనూ తగ్గరు. పెద్దయ్య ఆఫీసుకు బేతంచెర్ల బండలు పరిపిస్తే, చిన్నయ్య గోడౌను వరండాకు కూడా అవే పరిపించి, వాటి మీద మనుషులు జారిపడేంత పాలిష్ పట్టించాడు.

కంప్యూటర్ సెక్షన్‌కు నేను ఇన్‌చార్జిని. ఆ సెక్షన్‌లో నేనూ ఒక టేబుల్ ఫ్యానూ ఉండేవాళ్లం.

ఆళ్లగడ్డ గోడౌనులో ఒక కోల్డ్‌రూమ్ ఉంది. మా కంపెనీ ప్రాణం అందులోనే ఉండేది. రైతులకు అమ్మే మొక్కజొన్న విత్తనం పండించాలంటే దానికి ముందు మూలవిత్తనం కావాలి. ఆ మూలవిత్తనం సంచులు చల్లగా, పొడిగా ఆ గదిలో ఉంటాయి. చల్లదనం ఎక్కువ తక్కువ కాకుండా గోడకు బిగించిన ఒక చిన్న యంత్రం చూసుకుంటుంది.

ఒక ఏడాది ఎండాకాలంలో, బయటి రాష్ట్రం కంపెనీ ఒకటి మా విత్తనం కొంటామని వచ్చింది. వాళ్ల కంప్యూటర్లకు మా కంప్యూటర్లను కలపాలి, కలిపే ముందు మావి ఎంత గట్టివో పరీక్ష చేయించుకు రమ్మన్నారు. దాన్ని పెనెట్రేషన్ టెస్టింగ్ అంటారు. మన తలుపులు నిలుస్తాయో లేదో తెలుసుకోవడానికి, మనమే ఒక నిపుణుణ్ణి పిలిచి, అనుమతిచ్చి, పగలగొట్టి చూడమనడం. ఆ పని చేసే యువకుడు ఒకడు హైదరాబాదు నుంచి వచ్చాడు. సన్నగా, కళ్లద్దాలతో, గుడిలోకి వచ్చినవాడిలా వినయంగా ఉన్నాడు. పెద్దయ్యకు అతను మొదటి చూపులోనే నచ్చలేదు. దొంగ అనేవాడు ఇంకొంచెం మోటుగా ఉండాలని ఆయన ఉద్దేశం.

నిబంధనలు రాసుకోవడానికి మేం నలుగురం కూర్చున్నాం. పెద్దయ్య, చిన్నయ్య, ఆ టెస్టర్, నేను.

"ఇంతకీ నువ్వు జేసే పనేందప్పా?" అన్నాడు పెద్దయ్య.

"మీ సిస్టమ్స్‌లోకి చొరబడతాను సార్. మీ అనుమతితో."

"అనుమతి ఇచ్చినాక ఇంక సొరబడేదేముంది? తలుపు తీస్తాం, నేరుగా రా. కాపీ తాగి పో."

టెస్టర్ ఓపికగా అంతా వివరించాడు. దేన్ని పరీక్షించవచ్చో, దేన్ని ముట్టుకోకూడదో ముందే గీత గీసుకోవాలన్నాడు. ఆ గీత దాటితే తానూ మామూలు దొంగతో సమానమేనని, పోలీసులు పట్టుకుపోతారని చెప్పాడు. అతను తన తరఫున పట్టుబట్టి రాయించినవి రెండే. కోల్డ్‌రూమ్ యంత్రం జోలికి ఏ పరిస్థితిలోనూ పోకూడదు. ఏ చిన్న తేడా కనిపించినా పరీక్ష అక్కడికక్కడే ఆపేయాలి. రెండూ మంచి నిబంధనలే.

అక్కడి నుంచి మావాళ్లు మొదలుపెట్టారు.

"నా కంప్యూటర్ ముట్టుకోవద్దు. దాంట్లో మా మనవరాండ్ల ఫోటోలుండాయి," అన్నాడు పెద్దయ్య. రాశాను. "అకౌంట్సుది వద్దు, ఆడిటరు కోప్పడ్తాడు." రాశాను. సిబ్బందికి దొంగ మెయిళ్లు పంపి, ఎవరు మోసపోతారో చూద్దామని టెస్టర్ అంటే పెద్దయ్య నొచ్చుకున్నాడు. "మన పిల్లోళ్లను మనమే మోసం జేస్తామా? ఏం మనుషులప్పా మీరు!" అదీ కొట్టేశాం.

ఆళ్లగడ్డ కంప్యూటర్ సంగతి వచ్చింది. "దాన్ని ముట్టుకుంటే ఆగిపోతాది. మేమే ముట్టుకోం," అన్నాడు చిన్నయ్య. పోనీ అక్కడి వైఫై చూద్దామంటే అందులో ఇంకో చిక్కు బయటపడింది. గోడౌను పక్క షెడ్లలో శిల్పులు విగ్రహాలు చెక్కుతారు. చెక్కబోయే దేవుళ్ల బొమ్మలు ఫోన్లో చూసుకోవడానికి మా వైఫై పాస్‌వర్డ్ ఎప్పుడో వాళ్లకు ఇచ్చేశారట. "అయితే దాన్ని నేను ముట్టుకోను సార్. వాళ్ల ఫోన్లు కూడా అందులో ఉంటాయి. వాళ్ల అనుమతి నాకు లేదు," అని టెస్టరే దాన్ని పక్కన పెట్టాడు.

రాహుకాలంలో పరీక్ష మొదలుపెట్టకూడదన్నాడు పెద్దయ్య. టెస్టర్ తల ఎత్తకుండా, "రాహుకాలం ఏ ఊరి పంచాంగం ప్రకారం సార్?" అని అడిగి రాసుకున్నాడు. పెద్దయ్యకు అతని మీద మొదటిసారి గౌరవం కలిగింది.

మధ్యాహ్నం భోజనాల వేళకు అన్నీ పోగా మిగిలింది ఆళ్లగడ్డ గోడౌను ఆఫీసు గదిలో ఉన్న ప్రింటరు. అది ఎప్పటి నుంచో పనిచేయడం లేదు కాబట్టి దాని మీద ఎవరికీ ప్రేమ లేదు. గేటు దాటి, ఆఫీసులోకి పోయి, ఆ ప్రింటరుకు తన దగ్గరున్న పరికరం ఒకటి తగిలించగలిగితే టెస్టర్ నెగ్గినట్టు.

"నెగ్గడం, ఓడటం ఉండవు సార్," అని అతను సరిదిద్దబోయాడు.

చిన్నయ్య అతన్ని జాలిగా చూశాడు. "పరీచ్ఛ అన్నాక ఓడేదుండదా? మా ఆళ్లగడ్డ ఓడదు, రాసి పెట్టుకో."

పరీక్ష వెంటనే ఆపాల్సి వస్తే అందరికీ తెలిసేలా ఒక మాట అనుకుందామని టెస్టర్ అన్నాడు. పెద్దయ్య ఆలోచించి, "ఆపేదానికైనా మంచి మాట ఉండల్ల. శుభం అనుకుందాం," అన్నాడు. శుభం అని రాశాను. పట్టుబడితే గోడౌనువాళ్లు పెద్దయ్యకో నాకో ఫోన్ చేయాలని, మేం ధ్రువీకరించాలని రాశాను. చిన్నయ్య పేరు కూడా పెడదామంటే, "ఆడ ఆడేది మా జట్టు. నేను అంపైరుగా ఉండకూడదు," అని తనే వద్దన్నాడు. ఈ సంగతి ఈ గది దాటి పోకూడదని టెస్టర్ చివరగా గట్టిగా చెప్పాడు.

"మా ఇంటామెకు గూడా జెప్పను," అన్నాడు పెద్దయ్య, అరచేయి టేబులు మీద పెట్టి.

ఆ తర్వాత నేను ఆళ్లగడ్డకు పోయి అక్కడి సిబ్బందిని వరండాలో కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పాను. పరీక్ష సంగతి ఎత్తకుండా, మామూలుగా ప్రతి ఏడాదీ చెప్పేవే చెప్పాను. ఫోన్లో ఎవరేం అడిగినా చెప్పొద్దు. పెద్దయ్య గొంతులా ఉన్నా నమ్మొద్దు, ఇప్పుడు గొంతులు కూడా కంప్యూటర్లో తయారుచేస్తున్నారు. "ఆఖరికి నేనే ఫోన్ చేసినా సరే, నమ్మొద్దు," అన్నాను. మాట బాగా కుదిరిందనిపించింది.

వెనక నిలబడి వింటున్న వాచ్‌మన్ చేయెత్తాడు. ఒకప్పుడు బేతంచెర్ల దిక్కు గనుల దగ్గర కాపలా కాసిన మనిషి. పెద్ద మీసం, తక్కువ మాట. "మల్ల మేడమ్, నిజంగా మీరే ఫోన్ జేస్తే?"

"అప్పుడు నేరుగా వచ్చి చెప్తాలే," అన్నాను. అందరూ నవ్వారు. అతను నవ్వలేదు.

పరీక్ష రోజు ఆళ్లగడ్డలో ఏం జరిగిందో నాకు తర్వాత టెస్టర్ చెప్పాడు, అక్కడి గుమాస్తా చెప్పింది, వాచ్‌మన్ చెప్పాడు. ముగ్గురి మాటా ఒక్కటే కావడం వల్ల నమ్మాల్సి వచ్చింది.

ఎండ మాడ్చేస్తున్న పూట టెస్టర్ ఒక సంచి తగిలించుకుని, ప్రింటర్ మెకానిక్‌లా గేటు దగ్గరికి వచ్చాడు.

"యాడికి?" అన్నాడు వాచ్‌మన్.

"ప్రింటర్ రిపేరుకన్నా. నంద్యాల ఆఫీసు నుంచి కంప్లయింట్ వచ్చింది."

వాచ్‌మన్ అతన్ని లోపలికి వదిలాడు కానీ వెనకే నడిచాడు. ఆ ప్రింటరు బాగుచేయించమని గోడౌనువాళ్లు అడగని రోజు లేదు, ఎవరైనా వచ్చిన రోజూ లేదు. పిలిచినా రానివాళ్లు ఇవాళ తమంతట తామే ఎందుకు వచ్చారన్నది అతని అనుమానం. మా కంపెనీ సర్వీసు మీద అతనికున్న నమ్మకం అట్లాంటిది.

లోపల గుమాస్తా అతన్ని చూసి లేచి నిలబడింది. "దేవుని మాదిరి వచ్చినావన్నా! ప్రింటరు తర్వాత సూద్దువు, ముందు నా కంప్యూటరు సూడు, అస్సలు కదలకుండాది. పాస్‌వర్డ్ జెప్తా, కొట్టుకో."

టెస్టర్ రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. "వద్దక్కా! చెప్పొద్దు! దానికి నాకు పర్మిషన్ లేదు!"

"పర్మిషన్ నేనిస్తాండా గదా."

"మీరిచ్చినా నాకు లేదక్కా!"

ఆమె అతనికి సరిగా వినపడలేదనుకుని ఇంకొంచెం గట్టిగా చెప్పబోయింది. అతను కళ్లు కూడా మూసుకుని గోడ వైపు తిరిగాడు. మామూలు దొంగ అయితే ఎగిరి గంతేసి ఆ కుర్చీలో కూర్చునేవాడు. ఇతను నిబంధన ప్రకారం నడుచుకున్నాడు కాబట్టి దొరికిపోయాడు. "కంప్యూటర్ సూడమంటే సెవులు మూసుకునే మెకానిక్కు యాడన్నా ఉంటాడా?" అని వాచ్‌మన్ అతని కాలరు పట్టుకున్నాడు. హమాలీలు వచ్చారు. సంచులు కుట్టే పురికొసతో అతన్ని కుర్చీకి కట్టేశారు.

జేబులో అనుమతి పత్రం ఉందని టెస్టర్ చెబితే తీసి చూశారు. "సంతకం యెవురన్నా గీకుతారు. అయ్యనే అడుగుతా," అన్నాడు వాచ్‌మన్. పత్రంలో ఉన్న నంబరుకు కాకుండా, తన ఫోన్లో ఉన్న పెద్దయ్య నంబరుకు చేశాడు. పిల్లలూ, ఇది గమనించండి. అతను చేసిన ప్రతి పనీ సరైనదే.

ఆ సమయానికి పెద్దయ్య నంద్యాలలో తన గదిలో ఉన్నాడు. ఫోన్ ఎత్తాడు, విన్నాడు, ఒక్క క్షణం కూడా తడుముకోలేదట. "అట్లాంటోడు యెవురో నాకు తెల్దు. వదలొద్దు వాన్ని."

తర్వాత నా గదిలోకి వచ్చి తలుపు వేశాడు. వంగి, గుసగుసగా, "దొరికినాడంట," అన్నాడు. ముఖం వెలిగిపోతోంది. "నన్ను అడిగినారు. నోరు జారలేదమ్మా. తెల్దంటే తెల్దన్నా."

"సార్! తెలుసని చెప్పాల్సింది మీరే కదా!"

"యెవురికీ జెప్పొద్దంటిరి గదా?"

ఆయనకు మేం ఇచ్చిన సూచనలు రెండు. ఆయన మనసులో నిలిచింది ఒకటి.

నేను వాచ్‌మన్‌కు ఫోన్ చేశాను. "అతన్ని వదిలేయ్. మనం పిలిపించిన మనిషే," అన్నాను.

"అచ్చం మా మేడమ్ మాదిరే మాట్లాడతాండావు," అన్నాడు.

"నేనే!"

"మేడమే జెప్పింది, మేడమ్ జెప్పినా నమ్మొద్దని."

పెద్దయ్య నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. "రేయ్, నేన్రా! వాడు మనోడే!"

"ఇంతకు ముందే అయ్య తెల్దన్న్యాడు. ఇప్పుడు నువ్వు తెల్సంటాండావు. నువ్వు మా అయ్య కాదు."

సరిగ్గా అప్పుడు ఫోన్లో వెనక నుంచి టెస్టర్ గొంతు వినపడింది. గొంతు చించుకుని అరుస్తున్నాడు. "మేడమ్! కోల్డ్‌రూమ్ ఆగిపోయింది! శుభం! శుభం! శుభం!"

"ఏందిరా ఆ అరుపులు?" అన్నాడు పెద్దయ్య.

"వానికి తల తిరిగినట్టుంది. శుభం శుభం అంటాండాడు," అన్నాడు వాచ్‌మన్.

జరిగిందేమిటంటే, గలాటా విని చిన్నయ్య తన గదిలోంచి బయటికి వచ్చాడు. కట్టేసి ఉన్న టెస్టర్‌ను చూసి మురిసిపోయాడు. "సార్, మీరైనా చెప్పండి," అని అతను బతిమాలితే, చెవి దగ్గరికి వంగి, "కాగితంలో నా పేరు లేదప్పా. నేను జెప్తే చెల్లదు," అన్నాడు. ఆ తర్వాత అతనికి ఇంకో ఆలోచన వచ్చింది. ఒకడు దొరికాడంటే ఇంకొకణ్ణి కూడా పంపి ఉంటారు. అసలు కంప్యూటర్లే లేవకుండా చేస్తే ఆ రెండోవాడు ఏం చేయగలడు? "కరెంటు మెయిన్ తీసేయండి. జనరేటరు గూడా లేయనీయొద్దు. లోపల యాడన్నా ఇంకోడు దాంకోనుంటాడు, ఎతకండి," అని చెప్పి, మోటారుసైకిలెక్కి నంద్యాలకు బయల్దేరాడు. ఇట్లాంటి వార్త ఫోన్లో చెబితే అన్న ముఖం చూసే భాగ్యం ఉండదు కదా.

కోల్డ్‌రూమ్‌కు కూడా కరెంటు ఆ మెయిన్ నుంచే పోతుంది. ఆ సంగతి ఆ క్షణంలో అతనికి తోచలేదు. హమాలీలు రెండో దొంగ కోసం కోల్డ్‌రూమ్‌లోకి పోయారు. కరెంటు లేక లోపల చీకటి, అందుకని వెలుతురు కోసం తలుపులు రెండూ బార్లా తీసి పెట్టారు. బయట ఆ ఎండ. చల్లగా ఉంది కదా అని వాళ్లు వెతుకులాట నిదానంగానే సాగించారు. యంత్రం చప్పుడు ఆగిందని అక్కడ గమనించింది కుర్చీకి కట్టేసిన మనిషి ఒక్కడే.

నేను ఫోన్ తీసుకుని, "ముందు మెయిన్ వేయప్పా. తర్వాత నన్ను నమ్ము, నమ్మకపో," అన్నాను.

"చిన్నయ్య తీయమన్న్యాడు. నువ్వు వేయమంటాండావు. దొంగోడు గూడా వేయమంటాండాడు. నువ్వూ దొంగోడూ ఒకటే మాట జెప్తాండారు, సూసుకో." ఫోన్ పెట్టేశాడు. తర్వాత ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్. గుమాస్తాకు చేస్తే, ఆమె ఫోను కూడా వాచ్‌మన్ తీసి పెట్టుకున్నాడట. బండి మీదున్న చిన్నయ్య ఫోన్ ఎత్తలేదు.

కారెక్కాం. పెద్దయ్య పక్క సీట్లో కూర్చుని అద్దం దించుకున్నాడు, మళ్లీ ఎత్తుకున్నాడు. శిరివెళ్ల దాటాక ఎదురుగా మోటారుసైకిల్ మీద చిన్నయ్య కనిపించాడు. మేం ఆగకుండా హారన్ కొట్టాం, చేతులూపాం, ఆగమని కేకలు వేశాం. మేం అభినందిస్తున్నామనుకున్నాడు. ఒక చేయి హ్యాండిలు మీద నుంచి తీసి, పిడికిలి బిగించి పైకెత్తి, నవ్వుతూ నంద్యాల వైపు పోయాడు. నాకు ఆ స్థితిలోనూ నవ్వొచ్చింది. పెద్దయ్యకు రాలేదు.

కాసేపయ్యాక ఆయన రోడ్డు వైపే చూస్తూ అన్నాడు. "అమ్మా, తేమ తగిల్తే లోపల మొలక సచ్చిపోతాది. పైకి తెల్దు. గింజ గింజ మాదిరే ఉంటాది. రైతుకిస్తాం, వాడు ఇత్తుతాడు, నీళ్లు పెడ్తాడు, కాసుకోనుంటాడు. ఏం రాదు." రకాలు ఒకదానితో ఒకటి కలుపుతూ ఆ మూలవిత్తనం తయారుచేసుకోవడానికి అన్నదమ్ములిద్దరికీ వయసులో ఉన్న ఏళ్లన్నీ పట్టాయి. ఆ రోజుల్లో ఇద్దరూ ఒకే గొడుగు కింద చేలో నిలబడేవాళ్లట.

గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డం వచ్చాడు. నేను కారు దిగాను. నా ముఖం చూశాడు, పెద్దయ్య ముఖం చూశాడు. నెమ్మదిగా చేతులు జోడించాడు.

"ఇప్పుడు జెప్పండి మేడమ్."

"మెయిన్ వేయి!"

అంత వయసు మనిషి అంత వేగంగా పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. యంత్రం చిన్నగా వణికి, గొంతు సవరించుకుని, మళ్లీ మోగడం మొదలైంది. హమాలీలను బయటికి రప్పించి తలుపులు మూయించేలోపు పెద్దయ్య లోపలికి పోయాడు. సంచులకు చెమట పట్టినట్టు నీటి చుక్కలు. జ్వరం వచ్చిన బిడ్డను చూసినట్టు ఆయన ఒక్కో సంచి మీద అరచేయి పెట్టి చూస్తూ పోయాడు. ఎవరినీ తిట్టలేదు. అది చూస్తే తిట్టినా బాగుండేదనిపించింది.

బయటికి వచ్చాక మాత్రం వాచ్‌మన్‌ను అడిగాడు. "నేను ఫోన్ జేస్తే గూడా యినవా?"

"యిన్న్యానయ్యా. మొదటి ఫోన్లో వదలొద్దంటివి, వదల్లేదు. రెండోది యినుంటే మొదటిది యెందుకు యినలేదని తిడ్తువు."

పెద్దయ్య నా వైపు చూశాడు. నేను టెస్టర్ కట్లు విప్పడానికి పోయాను.

పురికొస విప్పితే టెస్టర్ ముంజేతుల మీద ఎర్రగా చారలు తేలాయి. అతను చేతులు చూసుకోలేదు. "లోపల ఇప్పుడు ఎంత ఉంది మేడమ్, చల్లదనం?" అని అడిగాడు. అరిచి అరిచి గొంతు పోయింది. వాచ్‌మన్ లోటాలో మజ్జిగ తెచ్చిచ్చి పక్కన నిలబడ్డాడు. "తప్పుగా అనుకోవద్దు నాయనా."

"మీరు తప్పేం చేయలేదన్నా. చాలా బాగా కట్టారు," అన్నాడు టెస్టర్. వెటకారం కాదు, మెచ్చుకోలే.

చిన్నయ్య నంద్యాలలో ఖాళీ గదులు చూసుకుని వెనక్కి వచ్చాడు. గేటు నుంచే, "గెలిచినాం గదన్నా!" అని కేక వేశాడు. లోపలికి వచ్చి, వరండాలో ఆరబెట్టిన, సంచుల మీద కప్పే పట్టాలనూ వాటి మీది నీటి చుక్కలనూ చూశాడు. అన్న ముఖం చూశాడు. చెప్పులు విప్పి కోల్డ్‌రూమ్ తలుపు పక్కన బండల మీద కూలబడ్డాడు. ఆ తర్వాత వారమంతా అతను ఆ తలుపు దగ్గర నుంచి కదలలేదని, అన్నం కూడా అక్కడికే తెప్పించుకున్నాడని గుమాస్తా చెప్పింది.

ఆ పరీక్ష ఏమైందని మీరు అడుగుతారు కాబట్టి చెప్పేస్తాను. టెస్టర్ రిపోర్టు రాశాడు. ప్రింటరును తాను ముట్టుకోనేలేదని, దాని గురించి చెప్పగలిగింది ఏమీ లేదని రాశాడు. కోల్డ్‌రూమ్‌కు వేరే కరెంటు లైను లేదని, అడగకుండానే పాస్‌వర్డ్ చెప్పబోయారని, ధ్రువీకరించాల్సిన పెద్దమనిషి తెలియదన్నాడని కూడా రాశాడు. ఇది బయటికి పోతే పరువు పోతుందని పెద్దయ్య అంటే, పంపి తీరాల్సిందేనని పట్టుబట్టింది చిన్నయ్య. కొనే కంపెనీవాళ్లు చదివి, కోల్డ్‌రూమ్ లైను వేరు చేయించి, మళ్లీ పరీక్ష చేయించమన్నారు. చివర్లో మర్యాదగా, ఆ వాచ్‌మన్‌కు మీరు ఎక్కడ శిక్షణ ఇప్పించారని అడిగారు. రెండోసారి ఎవరి కంప్యూటరునూ మినహాయించలేదు. టెస్టర్ పెద్దయ్య కంప్యూటరు లోంచి పొద్దున టిఫిన్ వేళకే లోపలికి వచ్చేశాడు. మనవరాళ్ల ఫోటోలు చాలా బాగున్నాయని చెప్పాడు కూడా.

మీరెప్పుడైనా ఇట్లాంటి నిబంధనలు రాయాల్సి వస్తే, ఏది ముట్టుకోకూడదో దొంగకు చెప్పడంతో పని అయిపోయిందనుకోకండి. మనవాళ్లకు కూడా అదే చెప్పాలి. మేం కోల్డ్‌రూమ్‌ను టెస్టర్ నుంచి కాపాడుకున్నాం, చిన్నయ్య నుంచి కాపాడుకోలేదు. ఫోన్ ఎత్తాల్సిన మనిషితో ముందే ఒకసారి ఎత్తించి, ఏమంటాడో వినండి. వినకుండా ముద్ర వేయించకండి.

ఇంక విత్తనం సంగతి. ప్రతి సంచిలోంచీ కొన్ని గింజలు తీసి, మొలక వస్తుందో లేదో చూడటానికి నంద్యాలలోని మా ల్యాబ్‌లో తడి కాగితాల్లో చుట్టి పెట్టారు. చుట్టలు విప్పాల్సిన రోజు దాకా ఆగడం తప్ప చేసేదేమీ లేదు. ఆ వారం పెద్దయ్య ఆఫీసుకు వచ్చి ఊరికే కూర్చుని పోయేవాడు. నేను కంప్యూటర్ ముందు కూర్చుని ఏం చేశానో నాకు గుర్తులేదు.

ఆ రోజు పొద్దున ల్యాబ్‌కు పోతే మెట్ల మీద టెస్టర్ కూర్చుని ఉన్నాడు. సెలవు పెట్టి, బస్సులో వచ్చాడట. అతన్ని ఎవరూ రమ్మనలేదు, అతనికి అక్కడ పనీ లేదు. "నిద్ర పట్టట్లేదు మేడమ్," అన్నాడు. ఆళ్లగడ్డ నుంచి చిన్నయ్య వచ్చాడు, అతని వెనక వాచ్‌మన్ కూడా. పెద్దయ్య కిటికీ దగ్గర నిలబడ్డాడు.

ల్యాబ్ చూసుకునే ఆమె మొదటి చుట్ట బల్ల మీద పెట్టి, తడి కాగితం నెమ్మదిగా విప్పింది. గింజ పక్కన గింజ, ప్రతి దానికీ తెల్లని వేరు, లేత పచ్చని మొలక. ఇంకో చుట్ట విప్పింది. అందులోనూ మొలకలే. మూడోది విప్పేసరికి చిన్నయ్య ముఖం పక్కకు తిప్పుకుని, తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. పెద్దయ్య వచ్చి తమ్ముడి భుజం మీద చేయి వేసి, అక్కడే ఉంచాడు. వాచ్‌మన్ బల్ల మీదికి వంగి, కళ్లు చికిలించి చూస్తూ, "బతికినాయి," అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు.

టెస్టర్ జేబులోంచి ఫోన్ తీసి, ఆగాడు. పెద్దయ్య వైపు తిరిగాడు. "సార్, ఒక్క ఫోటో తీసుకోవచ్చా?"

నేను అలవాటు కొద్దీ ఎదురుచూశాను, పెద్దయ్య ఏదో ఒక షరతు పెడతాడని.

"తీసుకో నాయనా," అన్నాడు. "ఎన్ని గావాలంటే అన్ని తీసుకో."